పద్ధతా, పనా? తిరుపతి కొత్త ఓటరు ముందున్న చిక్కు

క్లుప్తంగా: ఎన్నిక ఎలా జరిగినా పని జరిగితే చాలన్న మాట, పని ఆలస్యమైనా పద్ధతి తప్పకూడదన్న మాట, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల యువతలో తరచూ ఒకే మనిషి నోట వినిపిస్తాయి. ఈ రెండింటికీ నిజంగా పొసగని సందర్భాలు ఉన్నాయి గాని, అవి అనుకున్నంత ఎక్కువ కావు. చాలా సందర్భాల్లో పద్ధతి అన్నది పని ఎవరికి చేరిందో, ఎవరికి చేరలేదో తెలుసుకోవడానికి పౌరుడి చేతిలో ఉన్న ఏకైక సాధనం. ఈ ప్రాంతపు అనుభవాల ఆధారంగా ఆ సంగతిని పరిశీలించే ప్రయత్నమిది.

తిరుపతి పురపాలక సంఘం 2007 మార్చి 2న నగరపాలక సంస్థగా మారింది. ఆ సంస్థకు తొలి ఎన్నిక జరిగింది మాత్రం 2021 మార్చి 10న. ఊరు కార్పొరేషన్ అయిన ఏడాది పుట్టిన బిడ్డ హైస్కూలుకు వచ్చేదాకా ఈ నగరానికి ఎన్నికైన మేయరు లేరు, కార్పొరేటర్లు లేరు. ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఆ బిడ్డకు 2025లో పద్దెనిమిదేళ్లు నిండి ఓటు హక్కు వచ్చింది.

ఆ పద్నాలుగేళ్ల నడుమ మరో సంగతి ఉంది. నగరాల పరిశుభ్రతను కొలిచే కేంద్ర సర్వే, 2017 స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల్లో తిరుపతి దేశంలో తొమ్మిదో స్థానంలో నిలిచింది. నిత్యం వేలాది యాత్రికులు వచ్చిపోయే ఊరికి అది చిన్న విజయం కాదు. ఎన్నికైన పాలకమండలి లేని కాలంలోనే అది సాధ్యమైంది కాబట్టి, "కార్పొరేటర్లు లేకపోయినా ఊరు బాగానే ఉంది కదా" అని ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి ఎవరైనా అంటే ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే 2021 ఏప్రిల్ 17న జరిగిన తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో దొంగ ఓట్ల ఆరోపణలు వచ్చాయి. ఓటరు కార్డుల అక్రమ డౌన్‌లోడ్ వ్యవహారంలో 2024 జనవరిలో ఎన్నికల సంఘం ఆదేశంపై ఒక ఐఏఎస్ అధికారి సస్పెండయ్యారు. ఈ సంగతి గుర్తొస్తే ఆ విద్యార్థికే కోపం వస్తుంది. ఆ నిబ్బరమూ, ఈ కోపమూ రెండూ నిజాయతీ గలవే. వాటిని అపరిపక్వత అని కొట్టివేయడం పొరపాటు, ఎందుకంటే ఈ చిక్కు రాజ్యాంగ సభను కూడా ఆలోచింపజేసింది.

అంబేద్కర్ ఎంచుకున్న వైపు

1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెడుతూ డాక్టర్ అంబేద్కర్ ఇదే ప్రశ్నను నేరుగా ఎత్తారు. ప్రజాస్వామ్య ప్రభుత్వానికి రెండు లక్షణాలు ఉండాలని, ఒకటి స్థిరత్వం, రెండోది జవాబుదారీతనం అని, రెండింటినీ సమపాళ్లలో ఇచ్చే ఏర్పాటు అంతవరకు ఎవరూ కనిపెట్టలేకపోయారని ఆయన వివరించారు. అమెరికా, స్విట్జర్లాండ్ పద్ధతుల్లో స్థిరత్వం ఎక్కువ, జవాబుదారీ తక్కువ. బ్రిటిష్ పద్ధతిలో జవాబుదారీ ఎక్కువ, స్థిరత్వం తక్కువ. ముసాయిదా జవాబుదారీ వైపే మొగ్గిందని ఆయన స్పష్టంగా చెప్పారు. అంటే మన పార్లమెంటరీ వ్యవస్థలో కనిపించే ఆలస్యాలు, వాదోపవాదాలు, ప్రభుత్వాలు పడిపోయే అవకాశం అన్నీ తెలిసి చేసుకున్న ఎంపికలో భాగాలే. ఐదేళ్లకోసారి ఓటరు చేసే లెక్క చాలదని, సభలో ప్రశ్నలు, తీర్మానాల రూపంలో రోజువారీ లెక్క కూడా జరగాలని అందులోని ఉద్దేశం.

ఆ సభలో తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ఉన్నారు. తర్వాత లోక్‌సభ స్పీకరైన ఆయన, అదే నెలలో గ్రామ పంచాయతీలకు రాజ్యాంగంలో చోటివ్వాలన్న ప్రతిపాదనను బలపరిచారు. నేటి 40వ అధికరణం ఆ చర్చ నుంచే వచ్చింది. పాలన ఫలితం పై నుంచి దిగి వస్తే చాలదని, కింద కూర్చున్న మనిషికి అందులో మాట ఉండాలని వాదించినవారిలో ఈ ప్రాంతపు నాయకుడు ఒకరు కావడం గుర్తుంచుకోదగ్గ విషయం.

ఈ రెండు కొలతలను తర్వాతి కాలంలో జర్మన్ రాజనీతి శాస్త్రవేత్త ఫ్రిట్జ్ షార్ఫ్ విడదీసి చూపారు. ప్రభుత్వాన్ని జనం అంగీకరించడానికి ఒక కారణం అది తమ సమ్మతి నుంచి పుట్టడం, మరో కారణం అది తమకు మేలైన ఫలితాలు ఇవ్వడం. మొదటిది తగ్గినప్పుడు ప్రభుత్వాలు రెండోదాన్ని చూపి నిలబడే ప్రయత్నం చేస్తాయి. కొంతకాలం నిలబడతాయి కూడా. తిరుపతి ప్రత్యేకాధికారుల కాలం అందుకు చక్కని ఉదాహరణ.

క్యూలైను చెప్పే సంగతి

న్యాయమంటే ఏమిటో తిరుపతి వాసికి సిద్ధాంతంగా చెప్పనక్కరలేదు, ఎందుకంటే ఒకే దర్శనాన్ని నాలుగు రకాల పద్ధతుల్లో పంచడం చూస్తూ పెరుగుతాడు. సర్వదర్శనానికి కొలత ఓపిక: ఎవరు ముందు వచ్చి నిలబడితే వారు ముందు వెళతారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి కొలత డబ్బు, దానితో పాటు ఆన్‌లైన్‌లో టికెట్లు విడుదలైన నిమిషాల్లో చేజిక్కించుకునే నేర్పు. ఆర్జిత సేవల ఎలక్ట్రానిక్ డిప్‌కు, అంటే లాటరీకి, కొలత అదృష్టం. బ్రేక్ దర్శనం సిఫారసుకు కొలత పరిచయం. "లెటర్ దొరుకుతుందా" అన్న ప్రశ్న ఈ ఊళ్లో బంధువులు ఫోన్ చేసినప్పుడల్లా వినిపించేదే.

ఈ నాలుగింటిలో వేగం ఎక్కువ ఉన్నది నాలుగోదానికే. లెటర్ దొరికిన కుటుంబం దృష్టిలో ఆ వ్యవస్థ అద్భుతంగా పనిచేసింది. కంపార్ట్‌మెంటులో గంటల తరబడి కూర్చున్న కుటుంబం దృష్టిలో అదే వ్యవస్థ పనిచేయలేదు. పాలన సమర్థంగా ఉందా అన్న ప్రశ్నకు జవాబు, అడిగిన మనిషి ఏ లైనులో ఉన్నాడన్న దానిమీద ఆధారపడుతుందన్నమాట. సామర్థ్యాన్ని, న్యాయాన్ని రెండు వేర్వేరు తక్కెడల్లో తూచడం కుదరకపోవడానికి అసలు కారణం ఇదే. మొదటి తక్కెడలో ఎవరిని కూర్చోబెట్టాలో రెండోదే తేలుస్తుంది.

అలాగని న్యాయమైన నియమం ఒక్కటే చాలదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో వేచి ఉన్న భక్తుల మధ్య తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ముందొచ్చినవారికి ముందు టోకెన్ అన్న నియమంలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ గేటు తెరిచే తీరు, జనాన్ని విడదీసి నిలిపే ఏర్పాటు, హెచ్చరిక అందించే మార్గం లోపిస్తే ఆ నియమమే మనుషులను ఒకచోటికి తోస్తుంది. పద్ధతి గురించి పట్టుబట్టేవారు మరిచిపోకూడని విషాదం అది. అమలు చేసే శక్తి లేని న్యాయం బలహీనులనే ముందు గాయపరుస్తుంది.

ఏకగ్రీవంలో పోయేదేమిటి

ఈ చిక్కు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఏకగ్రీవ ఎన్నికల్లో. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికలకు ముందు రాష్ట్ర ప్రభుత్వం ప్రోత్సాహకాలు ప్రకటించింది. రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే 5 లక్షలు, ఐదు వేల వరకు 10 లక్షలు, పది వేల వరకు 15 లక్షలు, ఆపైన 20 లక్షల రూపాయలు. దీని వెనుక వాదన బలహీనమైనది కాదు. పల్లెలో సర్పంచి ఎన్నిక కక్షలు మిగులుస్తుంది, అభ్యర్థులను అప్పుల్లో ముంచుతుంది, ఒకే వీధిలో ఉన్న రెండు కుటుంబాలు ఐదేళ్లు మాట్లాడుకోకుండా చేస్తుంది. ఆ ఖర్చంతా మిగిలి, పైగా ఊరికి రోడ్డో కాలువో వస్తే కాదనేదెవరు?

మొదటి విడతలో చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు అసాధారణంగా ఎక్కువగా కనిపించడంతో రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ ఫలితాల ప్రకటనను కొన్నాళ్లు నిలిపి, కలెక్టర్ల నివేదికలు తెప్పించుకున్నాక అనుమతించింది. తర్వాతి నెల పురపాలక ఎన్నికల్లో పుంగనూరులోని 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. తిరుపతిలో 50 డివిజన్లలో ఒకదానికి ఎన్నిక ఆగిపోగా, మిగిలిన 49లో 48 ఒకే పక్షానికి దక్కాయి.

చట్టం దృష్టిలో ఏకగ్రీవానికి నిర్వచనం చాలా చిన్నది. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేసరికి బరిలో ఒక్కరే మిగిలితే పోలింగ్ లేకుండా ఆ ఒక్కరినే ఎన్నికైనట్టు ప్రకటిస్తారు. మిగతావారు ఎందుకు తప్పుకున్నారో ఆ కాగితం చెప్పదు. ఊరంతా కూర్చుని మంచి మనిషిని ఎంచుకుందా, ఎవరైనా ఇంటికొచ్చి భయపెట్టారా, నామినేషన్ వేయడానికే వెళ్లనివ్వలేదా అన్న మూడు సందర్భాలూ రికార్డులో ఒకేలా నమోదవుతాయి. పోలింగే లేనప్పుడు నోటా నొక్కే అవకాశం కూడా ఉండదు. మొదటిసారి ఓటు వచ్చిన యువతి తన ఊళ్లో అసలు ఓటే వేయకుండా ఐదేళ్లు గడిపేస్తుంది.

ఏకగ్రీవంలో అసలు నష్టం ఇక్కడుంది. నిజమైన అంగీకారాన్ని, బలవంతపు మౌనాన్ని వేరుచేసి చూపే పరికరం పోతుంది. అంత ఏకపక్షంగా వచ్చిన ఫలితం గట్టిదని కూడా చెప్పలేం. 2025 ఫిబ్రవరిలో తిరుపతి డిప్యూటీ మేయరు పదవికి ఎన్నిక జరిగినప్పుడు, నాలుగేళ్ల కిందట ఒక్క స్థానానికి పరిమితమైన పక్షం అభ్యర్థి 26 ఓట్లతో గెలిచారు. మధ్యలో మారింది రాష్ట్రంలో అధికారం. డివిజన్ల ఓటర్లను మళ్లీ ఎవరూ అడగలేదు. 2021లో పద్ధతి గురించి బాధపడినవారు 2025లోనూ బాధపడితేనే అది పద్ధతి మీద పట్టింపు అవుతుంది. పక్షాన్ని బట్టి మారితే అది వేరే విషయం.

గడప దగ్గరికి వచ్చిన పింఛను

పని చేసి చూపిన ఏర్పాటుకు అందరికీ తెలిసిన ఉదాహరణ గ్రామ, వార్డు వాలంటీర్లు. 2019లో మొదలైన ఈ వ్యవస్థలో సుమారు 50 ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో రెండున్నర లక్షలకు పైగా యువతీ యువకులు పనిచేశారు. ఒకటో తారీఖు తెల్లవారుజామున మంచం దగ్గరికే పింఛను రావడం కదల్లేని ముసలివారికి ఎంత గౌరవమో, బ్యాంకు ముందు ఎండలో నిలబడిన రోజులు తెలిసిన కుటుంబాలకే అర్థమవుతుంది. దాన్ని తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు.

మరోవైపు వాలంటీర్ల ఎంపిక పోటీ పరీక్షతో జరగలేదు; ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏ పథకం అందుతోంది అన్న వివరాలన్నీ వారి ఫోన్లలో ఉన్నాయి. ఎన్నికల వేళ ఈ అమరిక ఒక పక్షానికి మొగ్గు ఇస్తుందన్న అభ్యంతరంపై 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాలంటీర్లతో పింఛన్లు పంపిణీ చేయించవద్దని ఆదేశించింది. ఏప్రిల్‌లో వృద్ధులు గ్రామ, వార్డు సచివాలయాల దాకా నడవాల్సి వచ్చింది. పద్ధతిని కాపాడినందుకు మూల్యం చెల్లించింది వారే, ఆ సంగతి దాచకూడదు.

తర్వాత జరిగినదాన్ని విశ్లేషకులు తగినంతగా పట్టించుకోలేదు. 2024 జులై 1న కొత్త ప్రభుత్వం సచివాలయ ఉద్యోగుల చేత 65 లక్షలకు పైగా పింఛనుదారులకు ఇళ్ల దగ్గరే డబ్బు పంచే ఏర్పాటు చేసింది. సచివాలయాలు 2019 అక్టోబరు 2న ఏర్పడినవే, ఉద్యోగులు రాత పరీక్షతో వచ్చినవారే. అంటే ఆ సేవలో ప్రాణప్రదమైనది ఇంటికి తీసుకెళ్లి ఇచ్చే పద్ధతి. వివాదాస్పదమైన నియామకం దానికి అవసరమైన భాగం కాదు. పని కావాలంటే ఇంత అన్యాయం తప్పదని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ రెండూ నిజంగా ముడిపడి ఉన్నాయా, పక్కపక్కన పెట్టారా అని విడదీసి చూడటం మంచిది.

అదే పింఛన్లలో 2025లో మరో ఘట్టం నడిచింది. దివ్యాంగుల పింఛన్లను మళ్లీ తనిఖీ చేయించి, వైకల్యం 40 శాతం లోపేనని తేలినవారికి నోటీసులు ఇచ్చారు. అనర్హులను ఏరివేయడం సమర్థ పాలనలో భాగమే. నోటీసు అందుకున్నవారు తమలో నిజమైన అర్హులూ ఉన్నారంటూ ఆందోళన చేయడంతో ప్రభుత్వం అప్పీలుకు అవకాశమిచ్చింది. ఏ తనిఖీలోనైనా కొన్ని పొరపాట్లు తప్పవు. అప్పీలు లేకపోతే ఆ పొరపాట్లు శాశ్వతమవుతాయి, పైగా లెక్కల్లో ఆదాగా కనిపిస్తాయి.

పరీక్ష జరగాలా, ఆగాలా

యువతకు అత్యంత దగ్గరి ఉదాహరణ ఉద్యోగ పరీక్షలు. 2023 డిసెంబరులో గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది, 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ జరిగింది, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. మెయిన్స్‌కు ముందు రోస్టరు పాయింట్లలో, అంటే ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికన్న వరుసలో, తప్పులున్నాయని, సరిచేశాకే పరీక్ష పెట్టాలని అభ్యర్థులు రోడ్డెక్కారు. వాయిదా వేయాలని ప్రభుత్వం కూడా కోరింది. సర్వీస్ కమిషన్ అనుకున్న తేదీకే పరీక్ష పెట్టింది.

ఆ ఉదయం పరీక్ష కేంద్రాల బయట నిలబడినవారిలో రెండు అభిప్రాయాలూ ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. ఏళ్ల తరబడి అద్దె గదుల్లో చదువుతూ, వయోపరిమితి దాటిపోతుందన్న భయంతో ఉన్నవారికి ఇంకో వాయిదా అంటే ఇంకో ఏడాది అప్పు. తప్పుడు రోస్టరు మీద నియామకాలు జరిగితే తర్వాత కోర్టులో అంతా కొట్టుకుపోతుందేమోనన్నది రెండో పక్షం భయం. ఇక్కడ వేగం, న్యాయం ఒకదానికొకటి శత్రువులుగా కనిపించడానికి కారణం రోస్టరును నోటిఫికేషన్‌కు ముందే తేల్చుకోకపోవడం. మొదట్లో వారాలలో అయ్యే పని చివర్లో సంవత్సరాలు తీసుకుంటుంది, ఆ సంవత్సరాలు అభ్యర్థుల వయసులోంచి పోతాయి.

చికాగో నగరంలో 1980లలో పోలీసులు, కోర్టులతో వ్యవహరించిన జనాన్ని ప్రశ్నించిన టామ్ టైలర్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త, తీర్పు అనుకూలమా ప్రతికూలమా అన్నదానికన్నా తమ మాట విన్నారా, తమను మర్యాదగా చూశారా, అందరికీ ఒకే నియమం పాటించారా అన్నదే అధికారం మీద నమ్మకాన్ని ఎక్కువగా నిర్ణయిస్తోందని కనుగొన్నారు. ర్యాంకు రాని అభ్యర్థి కూడా పరీక్ష సక్రమంగా జరిగిందనుకుంటే ఇంటికెళ్లి మళ్లీ పుస్తకం తెరుస్తాడు. నమ్మకం పోతే పుస్తకం మూసి సిఫారసు వెతుకుతాడు. అలా వెతికేవాళ్లు పెరిగిన కొద్దీ ఉద్యోగానికి తగినవారు రావడం తగ్గుతుంది. న్యాయం లోపిస్తే సామర్థ్యం క్షీణించే దారి ఇదే.

లక్ష్యానికి దాదాపు రెట్టింపు చేరిన కాలం

బలమైన పాలన కావాలనేవారు సింగపూరును చూపుతారు. 1959 నుంచి ఒకే పార్టీ పాలించినా అక్కడ అవినీతిని అదుపు చేయగలిగారన్నది వాస్తవం. అక్కడి అవినీతి దర్యాప్తు సంస్థ 1952 నాటిది, అంటే ఆ పార్టీ అధికారంలోకి రాకముందే ఏర్పడింది. ఏకపక్ష పాలనలో నడిచి చితికిపోయిన దేశాలను ఎవరూ ఉదాహరణగా చూపరు కాబట్టి ఈ పోలిక ఎప్పుడూ ఒకవైపే తూగుతుంది.

మన దేశంలోని ఉదాహరణ ఇంకా సూటిగా మాట్లాడుతుంది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యం సుమారు 43 లక్షలు కాగా 81.32 లక్షలు జరిగాయని, ఆ కాలపు అతిక్రమణలపై విచారణ జరిపిన షా కమిషన్ నమోదు చేసింది. అంకెలు మాత్రమే చూస్తే స్వతంత్ర భారతంలో అంతటి సమర్థత అరుదు. ఆ అంకెల్లో ఎంతమంది ఇష్టపడి వచ్చారో, ఎంతమందిని జీపుల్లో ఎక్కించుకొచ్చారో అప్పుడు రాయగల పత్రిక లేదు, అడగగల కోర్టు లేదు. 1977 ఎన్నికల్లో ఉత్తరాది దానికి తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 స్థానాలు అదే కాంగ్రెస్‌కు ఇచ్చింది. బలవంతపు భారం ఉత్తరాదిన పడినంత తీవ్రంగా పడని చోట ఓటరు వేరే లెక్కలు చూసుకున్నాడని అర్థం చేసుకోవచ్చు. తన గడప తొక్కని అన్యాయం మనిషికి అంతగా కనిపించదు. క్యూలైనులో చూసిన సంగతే ఇది, దేశమంత పెద్దదిగా.

నిజంగా పొసగని చోట

రెండూ నిజంగా ఢీకొనే సందర్భాలు లేకపోలేదు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చినప్పుడు కింది గ్రామాలను ఖాళీ చేయించడానికి గ్రామసభ పెట్టి చర్చించే వ్యవధి ఉండదు. అక్కడ అధికారి ఆజ్ఞే సరైనది. అలాంటి ఆజ్ఞకు రెండు హద్దులుంటే చాలు: అవసరం తీరగానే అది ముగియాలి, ముగిశాక ఎవరైనా లెక్క అడగగలగాలి. చెరువుల్లోకి, వంకల్లోకి ఇళ్లు ఎలా వచ్చాయన్న ప్రశ్న మాత్రం అత్యవసరం కాదు. అది ఏళ్ల తరబడి నెమ్మదిగా, పద్ధతి ప్రకారం అడగాల్సిన ప్రశ్న. అడిగే వేదిక లేకపోతే వరద రోజునే గుర్తొస్తుంది.

వేదికల విషయంలో పల్లెకన్నా పట్నం వెనకబడి ఉంది. గ్రామానికి గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. రాజ్యాంగం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకే. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి ఆ గీతకు కాస్త కిందనే ఉండిపోయింది. కలెక్టరేటులో సోమవారం అర్జీ ఇవ్వవచ్చు, సమాచార హక్కు కింద ముప్పై రోజుల్లో జవాబు రాబట్టవచ్చు, 2025 జనవరిలో మొదలైన వాట్సాప్ సేవల్లో ధ్రువపత్రాలు కోరవచ్చు. ఇవన్నీ ఒంటరి పౌరుడు తన పని కోసం వెళ్లే దారులు. వీధి మొత్తం కూర్చుని ఫలానా కాలువకు డబ్బు ఎందుకు రాలేదని అడిగే చోటు వేరు.

అలాంటి చోటును ఈ రాష్ట్రమే ఒకసారి తయారుచేసి చూపింది. ఉపాధి హామీ పనుల మీద 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన సామాజిక తనిఖీలో మస్టరు రోల్‌లోని, అంటే కూలీల హాజరు పట్టీలోని, పేర్లను ఊరి మధ్య గట్టిగా చదివారు. పని చేయనివారి పేరు వస్తే పక్కనున్నవారే చెప్పారు. తినేసిన డబ్బు కొంత వెనక్కి వచ్చింది కూడా. పని నాణ్యతను పట్టించింది అక్కడి పద్ధతే. పద్ధతి పనికి అడ్డమన్న వాదనకు ఇంతకన్నా సూటి జవాబు మన దగ్గర లేదు.

2021 మార్చిలో ఎన్నికైన తిరుపతి పాలకమండలికి ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. గడువు తీరకముందే తదుపరి ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం అంటుంది. కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. మరుసటి ఏడాదే తిరుపతి కార్పొరేషన్ అయి, పద్నాలుగేళ్లు ఎన్నిక లేకుండా గడిపింది. ఆ ఏడాది పుట్టిన ఓటరు తన డివిజన్‌లో మొదటి ఓటు వేయడానికి ఎన్నేళ్లు ఎదురుచూడాలి, ఆ రోజు బ్యాలెట్‌పై కనీసం రెండు పేర్లు ఉంటాయా అన్నవి ఆ వయసు వాళ్లు ఇప్పటినుంచే అడగాల్సిన ప్రశ్నలు.